పైథాన్‌లో డైనమిక్ ఇంటర్‌ఫేస్ ఇంప్లిమెంటేషన్లకు యూనిట్ టెస్టులు రాయడం ఎలా

జావా వంటి భాషలో ఒక క్లాసు ఫలానా ఇంటర్‌ఫేస్‌ను అమలు చేస్తానని ప్రకటించి, అందులోని ఒక్క మెథడ్‌ను రాయకుండా వదిలేసినా కంపైలర్ ఊరుకోదు. పైథాన్‌లో అటువంటి కాపలా లేదు. ఆబ్జెక్టును పిలిచిన క్షణంలో ఆ పేరుతో ఏదో ఒకటి దొరికితే పని సాగుతుంది, దొరకకపోతే ఆట్రిబ్యూట్‌ఎర్రర్ వస్తుంది. పైగా ఆ మెథడ్ క్లాసు లోపల రాసి ఉండవలసిన అవసరం కూడా లేదు. అడిగినప్పుడు అప్పటికప్పుడు పుట్టవచ్చు, ఒక పట్టికను చూసి లూప్‌లో తయారు కావచ్చు, ప్రోగ్రాము నడుస్తుండగా బయటి నుంచి వచ్చి అతుక్కోవచ్చు. ఇలా నడుస్తున్నప్పుడే రూపం తీసుకునే ఇంప్లిమెంటేషన్లను ఏ టెస్టులతో పట్టుకోవాలో ఈ వ్యాసంలో క్రమంగా చెబుతాను. మీకు పైథాన్ క్లాసులు, యూనిట్‌టెస్ట్ మాడ్యూల్ పరిచయమేనని అనుకుని రాస్తున్నాను.

ఈ విషయం మీద నాకు పట్టుదల కలగడానికి ఒక అనుభవం కారణం. కీ ఇస్తే విలువను ఇచ్చే ఒక నిల్వకు చుట్టూ పొరలాంటి క్లాసును నేను రాశాను. అందులో రాసే మెథడ్‌ను చేత్తో రాసి, చదివే మెథడ్‌నూ తీసివేసే మెథడ్‌నూ మాత్రం రెండు పేర్ల జాబితా మీద లూప్ నడిపి పుట్టించాను. లూప్‌లో పుట్టిన ఫంక్షన్లు లూప్ వేరియబుల్ విలువను పుట్టినప్పుడు కాక, పిలిచినప్పుడు చూస్తాయి. అప్పటికి ఆ వేరియబుల్‌లో మిగిలి ఉండేది జాబితాలోని చివరి పేరు. కాబట్టి చదవమని అడిగిన ప్రతిసారీ నా క్లాసు ఆ విలువను తీసివేస్తూ వచ్చింది. తీసివేసే మెథడ్ తాను తీసిన విలువనే తిరిగి ఇస్తుంది గనుక మొదటిసారి చదివినప్పుడు జవాబు సరిగ్గానే వచ్చింది. మెథడ్ ఉందా అని చూసే టెస్టు నెగ్గింది, ఒకసారి రాసి ఒకసారి చదివే టెస్టు కూడా నెగ్గింది. రెండోసారి చదవడానికి ప్రయత్నించిన వాడుకలో మాత్రం డేటా లేదు. మెథడ్ పేరు ఉండటం వేరు, ఆ పేరు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం వేరు అన్న సంగతి నాకు అప్పుడు బోధపడింది. కింద చెప్పే మెట్లన్నీ ఈ తేడాను టెస్టుల్లో పట్టుకోవడానికే.

మొదటి మెట్టు: ఒప్పందాన్ని రాతలో పెట్టండి

టెస్టు రాసే ముందు ఇంటర్‌ఫేస్ ఏమి మాట ఇస్తున్నదో పూర్తి వాక్యాలలో రాసుకోండి. వ్యాసమంతటా ఒకే ఉదాహరణను వాడుకుందాం. మన ఇంటర్‌ఫేస్ పేరు "నిల్వ". దానికి "రాయి", "చదువు", "తీసివేయి" అనే మూడు మెథడ్లున్నాయి. లెన్ ఫంక్షన్‌కు కూడా అది జవాబు చెప్పాలి. ఇది కేవలం పేర్ల జాబితా, ఒప్పందం ఇంకా కాలేదు. ఒప్పందం ఇలా ఉంటుంది: "రాయి" కీని, విలువను తీసుకుంటుంది, అదే కీ ఇంతకుముందే ఉంటే పాత విలువ స్థానంలో కొత్తది వస్తుంది. "చదువు" ఆ విలువను ఇస్తుంది, ఎన్నిసార్లు చదివినా నిల్వ మారదు, లేని కీని అడిగితే కీఎర్రర్ వస్తుంది. "తీసివేయి" ఆ కీని తొలగించి, తొలగించిన విలువను ఇస్తుంది, లేని కీకి అది కూడా కీఎర్రర్‌నే ఇస్తుంది. లెన్ ఎప్పుడూ ప్రస్తుతం ఉన్న కీల సంఖ్యను చెబుతుంది, ఖాళీ నిల్వను ఇఫ్ షరతులో పెడితే అబద్ధంగా లెక్కకు వస్తుంది. ప్రతి వాక్యమూ కనీసం ఒక టెస్టు అవుతుంది. "ఎన్నిసార్లు చదివినా నిల్వ మారదు" అన్న ఒక్క వాక్యాన్ని నేను ముందే రాసుకుని ఉంటే పైన చెప్పిన పొరపాటు మొదటి రోజే బయటపడేది.

తరువాత ఈ ఇంటర్‌ఫేస్‌కు కోడ్‌లో ఒక రూపం ఇవ్వాలి. పైథాన్‌లో ఇందుకు రెండు దారులున్నాయి: 2008లో వెలువడిన 2.6 వెర్షన్‌తో వచ్చిన అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాసులు (తమ నుంచి వారసత్వం తీసుకునే క్లాసులు తప్పక రాయవలసిన మెథడ్లను, అంటే అబ్‌స్ట్రాక్ట్ మెథడ్లను, ప్రకటించేవి), 2019లో 3.8 వెర్షన్‌తో టైపింగ్ మాడ్యూల్‌లోకి వచ్చిన ప్రోటోకాల్ క్లాసులు (వారసత్వం లేకున్నా, ఉండవలసిన మెథడ్లు ఉన్నాయా అన్నదాన్ని బట్టి పోల్చేవి). రెండూ మంచివే, కానీ అవి ఎంతవరకు కాపాడతాయో స్పష్టంగా తెలిసి ఉండాలి. అబ్‌స్ట్రాక్ట్ మెథడ్లలో ఏదైనా మిగిలిపోతే ఆ క్లాసు నుంచి ఆబ్జెక్టును సృష్టించబోయినప్పుడు టైప్‌ఎర్రర్ వస్తుంది. అయితే అక్కడ చూసేది పేరును మాత్రమే. రెండు పారామీటర్లు ఉండవలసిన చోట ఒకటే ఉన్నా, అసలు మెథడ్ కాక ఒక అంకె ఉన్నా, అభ్యంతరం రాదు. రిజిస్టర్ పద్ధతిలో ఒక క్లాసును నమోదు చేస్తే ఆ పేరు పరిశీలన కూడా ఉండదు; మీరు చెప్పిన మాటను పైథాన్ నమ్ముతుంది, ఇజ్‌ఇన్‌స్టెన్స్ నిజమని జవాబిస్తుంది. రన్‌టైమ్ చెకబుల్ అనే డెకరేటర్ పెట్టిన ప్రోటోకాల్ కూడా పేర్లనే చూస్తుంది, పారామీటర్లను చూడదు. స్టాటిక్ టైప్ చెకర్లు పారామీటర్లను చూడగలవు గానీ, నడిచేటప్పుడు పట్టిక నుంచి పుట్టే మెథడ్లు వాటి కంటికి కనిపించవు. డైనమిక్ ఇంప్లిమెంటేషన్ల విషయంలో టెస్టుల మీద ఇంత భారం పడటానికి కారణం ఇదే.

రెండో మెట్టు: టెస్టులను ఇంప్లిమెంటేషన్‌కు కాదు, ఒప్పందానికి రాయండి

సాధారణంగా మనం ఒక్కో క్లాసుకు ఒక్కో టెస్టు ఫైలు రాస్తాం. ఒకే ఇంటర్‌ఫేస్‌కు నాలుగు ఇంప్లిమెంటేషన్లు ఉన్నప్పుడు ఆ అలవాటు చెడు చేస్తుంది, ఎందుకంటే నాలుగు ఫైళ్లు క్రమంగా నాలుగు రకాల ఒప్పందాలను పరీక్షించడం మొదలుపెడతాయి. దానికి బదులు ఒప్పందంలోని వాక్యాలన్నిటికీ టెస్టులున్న ఒకే క్లాసును రాయండి. దానిని "నిల్వ ఒప్పందం" అందాం. ఇందులో "కొత్త నిల్వ" అనే ఒక మెథడ్ ఉంటుంది. అది నాట్ ఇంప్లిమెంటెడ్ ఎర్రర్‌ను లేపుతుంది తప్ప మరేమీ చేయదు. మిగిలిన టెస్టులన్నీ ఈ మెథడ్‌ను పిలిచి తమకు కావలసిన ఖాళీ నిల్వను తెచ్చుకుంటాయి, అది ఏ క్లాసుకు చెందినదో వాటికి తెలియదు, తెలియకూడదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సూక్ష్మం ఉంది. "నిల్వ ఒప్పందం" టెస్ట్‌కేస్ క్లాసు నుంచి వారసత్వం తీసుకోకూడదు. తీసుకుంటే టెస్ట్ రన్నర్ దానిని కూడా విడిగా కనుగొని నడుపుతుంది, ఆబ్జెక్టు లేని ఆ టెస్టులన్నీ ఎర్రర్లు ఇస్తాయి. ఆ క్లాసును సాదాగా ఉంచి, ప్రతి ఇంప్లిమెంటేషన్‌కు ఒక చిన్న క్లాసు రాయండి. దాని బేస్ క్లాసుల వరుసలో మొదట "నిల్వ ఒప్పందం", తరువాత టెస్ట్‌కేస్ ఉండాలి. దాని శరీరంలో "కొత్త నిల్వ" మెథడ్ ఒక్కటే ఉంటుంది. మెమరీలో ఉండే నిల్వకు మూడు వరుసలు, ఫైలులో ఉండే నిల్వకు తాత్కాలిక డైరెక్టరీని సిద్ధం చేసే మరికొన్ని వరుసలు, ప్రాక్సీకి (వచ్చిన పిలుపులను లోపలి ఆబ్జెక్టుకు పంపే పొరకు) ఇంకో మూడు, అంతే. పైటెస్ట్ అనే వేరే టెస్ట్ లైబ్రరీ వాడేవారు ఇదే పనిని పారామీటర్లున్న ఫిక్స్చర్‌తో (టెస్టుకు కావలసిన ఆబ్జెక్టును సిద్ధం చేసి ఇచ్చే ఫంక్షన్‌తో) చేయవచ్చు. అయితే క్లాసు రూపాన్నే పైటెస్ట్ కింద నడిపేవారు ఒప్పందం క్లాసు పేరు "టెస్ట్" అన్న మాటతో మొదలుకాకుండా చూసుకోవాలి. ఆ మాటతో మొదలయ్యే సాదా క్లాసులను కూడా పైటెస్ట్ తన డిఫాల్ట్ నియమం ప్రకారం టెస్టులుగానే ఏరుకుంటుంది.

ఇంప్లిమెంటేషన్లన్నిటినీ ఒకే టెస్టు మెథడ్ లోపల లూప్ వేసి, 3.4 వెర్షన్ నుంచి ఉన్న సబ్‌టెస్ట్‌తో విడదీయడం చాలామంది చేసే పని. నేను దానిని ఈ సందర్భంలో సిఫారసు చేయను. సబ్‌టెస్ట్ ప్రతి విడతకూ సెటప్ మెథడ్‌ను మళ్లీ నడపదు. కాబట్టి ఒక విడతలో మిగిలిన స్థితి తరువాతి విడతలోకి పాకుతుంది, నిల్వ వంటి స్థితి గల ఆబ్జెక్టులకు అది ప్రమాదం. సబ్‌టెస్ట్ ఒకే ఇంప్లిమెంటేషన్ మీద రకరకాల కీలను ప్రయత్నించడానికి బాగా పనికివస్తుంది.

ఒప్పందం టెస్టులు రాసేటప్పుడు విలువలను ఆలోచించి ఎంచుకోండి. ఒకే కీని, ఒకే విలువను అన్ని టెస్టుల్లోనూ వాడితే మెథడ్లు ఒకదానితో ఒకటి తారుమారైనా తెలియదు. కనీసం రెండు వేర్వేరు కీలకు రెండు వేర్వేరు విలువలు రాసి, ఒకదానిని తీసివేసి, రెండోది చెక్కుచెదరలేదని చూడండి. విలువగా నన్ (None), సున్నా, ఖాళీ స్ట్రింగ్ కూడా ఇచ్చి చూడండి. విలువ ఖాళీగా ఉంటే కీ లేనట్టేనని భావించే ఇంప్లిమెంటేషన్లు అక్కడ దొరుకుతాయి. ప్రతి మెథడ్‌నూ ఆర్గ్యుమెంట్లను వరుస క్రమంలో ఇచ్చి ఒకసారి, పేర్లతో ఇచ్చి ఒకసారి పిలవండి. డైనమిక్ మెథడ్లు చాలావరకు వచ్చినదంతా ఒక టపుల్‌లో పట్టుకుని కిందికి పంపుతాయి గనుక, పేర్లతో వచ్చిన ఆర్గ్యుమెంట్లను పట్టుకోవడం మరచిపోవడం సర్వసాధారణం.

మూడో మెట్టు: అడిగినప్పుడు పుట్టే మెథడ్లను పరీక్షించండి

పేరుకు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు గల మెథడ్లను డండర్ మెథడ్లు అంటారు. వాటిలో డండర్ గెట్‌ఆట్ర్ అనేది ఒక పేరు మామూలు పద్ధతిలో ఎక్కడా దొరకనప్పుడు మాత్రమే పిలువబడుతుంది. వచ్చిన పిలుపును లాగ్‌లో రాసి లోపలి ఆబ్జెక్టుకు పంపే ప్రాక్సీలు దీనితోనే తయారవుతాయి. "దొరకనప్పుడు మాత్రమే" అన్న మాటను గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే ఈ రకం ప్రాక్సీలలో వచ్చే పొరపాట్లలో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతాయి.

మంచి ఉద్దేశంతో ప్రాక్సీని ఇంటర్‌ఫేస్ క్లాసు నుంచి వారసత్వం తీసుకునేలా రాశారనుకోండి. ఇంటర్‌ఫేస్ అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాసు అయితే ఆబ్జెక్టు సృష్టే ఆగిపోతుంది, పొరపాటు వెంటనే తెలుస్తుంది. అది ప్రోటోకాల్ అయి, అందులోని మెథడ్లకు శరీరంగా మూడు చుక్కలు మాత్రమే ఉంటే పరిస్థితి ఇంకా చెడ్డది: ఆబ్జెక్టు సృష్టి అవుతుంది, "చదువు" అనే పేరు ప్రోటోకాల్‌లోనే దొరికిపోతుంది, అందువల్ల డండర్ గెట్‌ఆట్ర్ పిలువబడదు, మెథడ్ నిశ్శబ్దంగా నన్‌ను తిరిగి ఇస్తుంది. రాసిన విలువ చదివినప్పుడు వస్తున్నదా అన్న ఒప్పందం టెస్టు దీనిని పట్టుకుంటుంది. మెథడ్ ఉందా అన్న టెస్టు ఎన్నటికీ పట్టుకోలేదు.

ఒప్పందం టెస్టులతో పాటు ఈ రకం ప్రాక్సీలకు అదనంగా కొన్ని టెస్టులు రాయాలి. మొదటిది, లేని పేరును అడిగితే ఆట్రిబ్యూట్‌ఎర్రరే రావాలి. ఇతర ఎర్రర్ వచ్చినా, ఏ పేరు అడిగినా ఒక ఫంక్షన్‌ను ఇచ్చేసినా, హ్యాజ్‌ఆట్ర్ ఫంక్షన్ మీద ఆధారపడిన కోడ్ అంతా తప్పుదారి పడుతుంది. పైథాన్ 3లో హ్యాజ్‌ఆట్ర్ ఆట్రిబ్యూట్‌ఎర్రర్‌ను మాత్రమే "లేదు" అని అర్థం చేసుకుంటుంది, మిగిలిన ఎర్రర్లను బయటికి వదిలేస్తుంది. కాబట్టి అక్షరం తప్పిన ఒక పేరుతో మెథడ్‌ను పిలిచి ఆట్రిబ్యూట్‌ఎర్రర్ వచ్చిందని నిర్ధారించే టెస్టు తప్పనిసరి.

రెండోది లెన్ వంటి అంతర్నిర్మిత ఫంక్షన్లకు సంబంధించినది. పైథాన్ ఇటువంటి ప్రత్యేక మెథడ్లను ఆబ్జెక్టులో వెతకదు, నేరుగా దాని క్లాసులో వెతుకుతుంది, ఆ వెతుకులాటలో డండర్ గెట్‌ఆట్ర్‌కు చోటు లేదు. ప్రాక్సీ మీద డండర్ లెన్‌ను చుక్క పెట్టి పిలిస్తే పని చేస్తుంది, లెన్ ఫంక్షన్‌కు ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. అది కనీసం పైకి కనిపించే పొరపాటు. ఇఫ్ షరతులో మాత్రం కనిపించదు: డండర్ లెన్ గానీ డండర్ బూల్ గానీ లేని క్లాసుకు చెందిన ఆబ్జెక్టు ఎప్పుడూ నిజంగానే లెక్కకు వస్తుంది, కాబట్టి ఖాళీ నిల్వ చుట్టూ ప్రాక్సీ పెట్టగానే అది నిండు నిల్వలా ప్రవర్తించడం మొదలవుతుంది. టెస్టులో లెన్‌ను, ఇన్ ఆపరేటర్‌ను, ఫర్ లూప్‌ను, ఇఫ్ షరతును వాడుకరి రాసినట్టే రాయండి. డండర్ పేర్లతో పిలిచి నెగ్గిన టెస్టు ఇక్కడ దేనినీ రుజువు చేయదు.

మూడోది కాపీ. కాపీ మాడ్యూల్ కొత్త ఆబ్జెక్టును సృష్టించేటప్పుడు డండర్ ఇనిట్‌ను పిలవదు. ఖాళీ ఆబ్జెక్టును చేసి, దానికి డండర్ సెట్‌స్టేట్ ఉందా అని అడుగుతుంది. ఆ పేరు దొరకదు, డండర్ గెట్‌ఆట్ర్ లేస్తుంది, అది లోపలి ఆబ్జెక్టు కోసం తన ఫీల్డును చూస్తుంది, ఆ ఫీల్డు ఇంకా పుట్టలేదు గనుక మళ్లీ డండర్ గెట్‌ఆట్రే లేస్తుంది, ఇలా రికర్షన్‌ఎర్రర్ వచ్చేదాకా సాగుతుంది. పికిల్ చేసి (ఆబ్జెక్టును బైట్లుగా మార్చి) తిరిగి తెచ్చేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేర్లన్నిటికీ వెంటనే ఆట్రిబ్యూట్‌ఎర్రర్‌ను లేపడం దీనికి తేలికైన మందు. టెస్టుగా ప్రాక్సీని ఒకసారి కాపీ చేసి, వచ్చిన ప్రతి మీద ఒక కీని చదివి చూడండి.

ఇంకొకటి తరచుగా గంటలు తినేది. ప్రాక్సీ క్లాసులో ఒక ప్రాపర్టీ ఉండి, దాని లోపలి కోడ్‌లో ఏదో కారణంగా ఆట్రిబ్యూట్‌ఎర్రర్ పుడితే, పైథాన్ ఆ ప్రాపర్టీయే లేదనుకుని డండర్ గెట్‌ఆట్ర్‌ను పిలుస్తుంది, అసలు ఎర్రర్ సందేశం కనుమరుగై "ఆ పేరు గల ప్రాపర్టీ లేదు" అన్న తప్పుడు సందేశం చేతికి వస్తుంది. ప్రాపర్టీలు ఉన్న ప్రాక్సీలకు, ఆ ప్రాపర్టీ విలువను నిజంగా తెచ్చి చూసే టెస్టు ఒక్కొక్కటి ఉంచండి.

చివరగా ఇజ్‌ఇన్‌స్టెన్స్ గురించి. 2023లో వచ్చిన 3.12 వెర్షన్‌కు ముందు రన్‌టైమ్ చెకబుల్ ప్రోటోకాల్‌తో పోల్చినప్పుడు పైథాన్ హ్యాజ్‌ఆట్ర్‌ను వాడేది. డండర్ గెట్‌ఆట్ర్ ద్వారా పుట్టే మెథడ్లు కూడా లెక్కలోకి వచ్చేవి. 3.12 నుంచి ఆ పరిశీలన ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌ఆట్ర్ స్టాటిక్ అనే ఫంక్షన్‌తో జరుగుతుంది. అది డైనమిక్ మెథడ్లను పిలవదు గనుక అదే ప్రాక్సీకి అదే ప్రశ్నకు "కాదు" అన్న జవాబు వస్తుంది. మీ కోడ్‌లో ఎక్కడైనా ప్రాక్సీ మీద ఇజ్‌ఇన్‌స్టెన్స్ ప్రశ్న వేస్తున్నట్టయితే, మీరు మద్దతిచ్చే ప్రతి పైథాన్ వెర్షన్‌లోనూ ఆ టెస్టును నడపండి.

నాలుగో మెట్టు: లూప్‌లో పుట్టిన క్లాసులను పరీక్షించండి

టైప్ ఫంక్షన్‌కు పేరు, బేస్ క్లాసులు, డిక్షనరీ అనే మూడు ఆర్గ్యుమెంట్లు ఇచ్చి క్లాసును పుట్టించవచ్చు. ఇక్కడి ప్రధాన శత్రువు నేను ముందే చెప్పిన లూప్ వేరియబుల్ సంగతి. ఫంక్షన్‌ను తయారుచేసి ఇచ్చే మరో ఫంక్షన్‌ను రాసి, పేరును దానికి ఆర్గ్యుమెంటుగా పంపడం దీనికి సరైన పరిష్కారం. వేరియబుల్‌ను డిఫాల్ట్ విలువగా బంధించడం కూడా పని చేస్తుంది గానీ, అది మెథడ్‌కు ఎవరూ అడగని ఒక అదనపు పారామీటర్‌ను చేరుస్తుంది, ఒక ఆర్గ్యుమెంటు ఎక్కువ ఇచ్చిన వాడుకరి దానిని తెలియకుండానే మార్చేయగలడు.

టెస్టు వైపు నుంచి మీరు చేయవలసినది, పుట్టిన ప్రతి మెథడ్‌నూ దాని ఫలితం మరే మెథడ్ ఫలితంతోనూ కలవని విధంగా పిలవడం. దీనికి నేను ఒక చిన్న నమోదు ఆబ్జెక్టును వాడతాను: లోపలి నిల్వ స్థానంలో కూర్చుని, ఏ మెథడ్ ఏ ఆర్గ్యుమెంట్లతో పిలువబడిందో జాబితాలో రాసుకుని, తన మెథడ్ పేరునే విలువగా తిరిగి ఇచ్చే ఆబ్జెక్టు అది. పట్టికలోని ప్రతి పేరుకూ సబ్‌టెస్ట్ వేసి, "చదువు" పిలిస్తే జాబితాలో "చదువు" ఒక్కటే చేరిందని, ఫలితంగా ఆ పేరే వచ్చిందని చూడండి. పట్టికకు రేపు కొత్త పేరు చేరినా టెస్టు దానిని కూడా కలుపుకుంటుంది. కానీ పట్టికలో పేరు మరచిపోతే ఈ టెస్టుకు తెలియదు, కాబట్టి పేర్లను పట్టిక నుంచి కాక, ఇంటర్‌ఫేస్ క్లాసు నుంచి తీసుకోండి.

పారామీటర్లను ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని సిగ్నేచర్ ఫంక్షన్‌తో పోల్చడం ఉపయోగకరమే, అయితే అందులో ఒక మోసం ఉంది. ఫంక్‌టూల్స్‌లోని ర్యాప్స్ డెకరేటర్ వాడిన ఫంక్షన్‌ను అడిగితే, సిగ్నేచర్ పై పొరను దాటి లోపలి అసలు ఫంక్షన్ పారామీటర్లనే చూపిస్తుంది. పై పొర పేర్లతో వచ్చే ఆర్గ్యుమెంట్లను తీసుకోలేకపోయినా, పోలిక టెస్టు నెగ్గుతుంది. అందువల్ల సిగ్నేచర్ పోలికను మొదటి వడపోతగా మాత్రమే ఉంచి, తీర్పును నిజంగా పిలిచి చూసే టెస్టుకే వదలండి.

అబ్‌స్ట్రాక్ట్ బేస్ క్లాసు నుంచి క్లాసును ముందు పుట్టించి, మెథడ్లను తరువాత అతికిస్తున్నట్టయితే మరో చిక్కు ఎదురవుతుంది. ఏయే మెథడ్లు మిగిలి ఉన్నాయన్న లెక్క క్లాసు పుట్టినప్పుడే తేలిపోతుంది. తరువాత మెథడ్లన్నీ చేర్చినా ఆబ్జెక్టు సృష్టి టైప్‌ఎర్రర్‌తో ఆగుతుంది. 3.10 వెర్షన్ నుంచి ఏబీసీ మాడ్యూల్‌లో అప్‌డేట్ అబ్‌స్ట్రాక్ట్ మెథడ్స్ అనే ఫంక్షన్ ఆ లెక్కను తిరిగి వేస్తుంది. మెథడ్లన్నిటినీ ముందే డిక్షనరీలో పెట్టి క్లాసును ఒకేసారి పుట్టించగలిగితే ఈ గొడవే ఉండదు.

అయిదో మెట్టు: నడుస్తుండగా అతికించే మెథడ్లు

ప్లగిన్లు ఉన్న ప్రోగ్రాములలో ఇది కనిపిస్తుంది. ఆబ్జెక్టు మీద నేరుగా పెట్టిన ఫంక్షన్‌కు సెల్ఫ్ అందదు, క్లాసు మీద పెట్టినదానికి అందుతుంది. ఆబ్జెక్టు మీదే పెట్టాలంటే టైప్స్ మాడ్యూల్‌లోని మెథడ్‌టైప్‌తో కట్టాలి. క్లాసు మీద పెట్టిన మార్పు ఆ క్లాసుకు చెందిన ఆబ్జెక్టులన్నిటికీ, తరువాత నడిచే టెస్టులన్నిటికీ అంటుకుంటుంది. కాబట్టి టెస్టులో ఏ మార్పు చేసినా, అది చేసిన మరుసటి వరుసలోనే దానిని వెనక్కి తీసే పనిని యాడ్‌క్లీనప్‌తో నమోదు చేయండి. టేర్‌డౌన్‌ను నమ్ముకోవద్దు, ఎందుకంటే సెటప్ మధ్యలో విఫలమైతే టేర్‌డౌన్ పిలువబడదు, నమోదైన క్లీనప్‌లు మాత్రం నడుస్తాయి. ఆపై టెస్టులను ఒకసారి తలకిందుల క్రమంలో నడిపి చూడండి. ఒక క్రమంలో నెగ్గి మరో క్రమంలో ఓడితే ఎక్కడో ఒక అతుకు మిగిలిపోయిందని అర్థం.

ఆరో మెట్టు: మాక్‌లను కూడా అదే ఒప్పందానికి కట్టండి

నిల్వను వాడే మరో క్లాసును పరీక్షించేటప్పుడు నిల్వ స్థానంలో మాక్‌ను, అంటే అసలు దానిలా నటిస్తూ తనకు వచ్చిన పిలుపులను గుర్తుపెట్టుకునే ఆబ్జెక్టును, పెడతాం. 2012లో 3.3 వెర్షన్‌తో పైథాన్‌లో భాగమైన మాక్ లైబ్రరీ చాలా శక్తిమంతమైనది, ఆ శక్తే ఇక్కడ ప్రమాదం కూడా. సాదా మాక్ ఏ పేరుతో పిలిచినా పలుకుతుంది, ఎన్ని ఆర్గ్యుమెంట్లు ఇచ్చినా తీసుకుంటుంది. ఇంటర్‌ఫేస్‌లో మెథడ్ పేరు మారిన రోజున కూడా పాత పేరుతో రాసిన టెస్టులు నెగ్గుతూనే ఉంటాయి.

క్రియేట్ ఆటోస్పెక్ అనే ఫంక్షన్ దీనిని చాలావరకు సరిచేస్తుంది: మూలంలో లేని పేరును పిలిస్తే ఆట్రిబ్యూట్‌ఎర్రర్, పారామీటర్లు సరిపోకపోతే టైప్‌ఎర్రర్ ఇస్తుంది. కానీ మూలంగా దేనిని ఇస్తున్నారన్నది ముఖ్యం. ఆటోస్పెక్ పేర్లను డిర్ ఫంక్షన్ ద్వారా ఏరుకుంటుంది, డండర్ గెట్‌ఆట్ర్ పుట్టించే పేర్లు ఆ జాబితాలో ఉండవు. ప్రాక్సీని మూలంగా ఇస్తే అసలు మెథడ్లే లేని మాక్ వస్తుంది. ప్రాక్సీకి డండర్ డిర్ రాయడం ఒక దారి; నేను మాత్రం ఎప్పుడూ ఇంటర్‌ఫేస్ క్లాసునే మూలంగా ఇస్తాను, ఎందుకంటే వాడుకరి ఆధారపడవలసినది దాని మీదే.

ఆటోస్పెక్ కూడా ప్రవర్తనకు హామీ ఇవ్వదు. "చదువు"ను పిలిస్తే మీరు వేరే చెప్పనంత వరకు మరో మాక్ వస్తుంది, కీఎర్రర్ ఎన్నటికీ రాదు. మ్యాజిక్‌మాక్‌కు లెన్ ఎంత అని అడిగితే సున్నా అంటుంది, ఇఫ్ షరతులో పెడితే నిజమంటుంది. మన ఒప్పందం ప్రకారం ఈ రెండూ కలిసి ఉండే అవకాశమే లేదు. అందుకే స్థితి గల ఇంటర్‌ఫేస్‌లకు మాక్ కన్నా నకలు ఇంప్లిమెంటేషన్ మేలని నా నిశ్చితాభిప్రాయం. డిక్షనరీ మీద పది పదిహేను వరుసల్లో రాసిన మెమరీ నిల్వను అన్ని టెస్టుల్లోనూ వాడండి, ఆ నకలును కూడా రెండో మెట్టులోని ఒప్పందం టెస్టుల గుండా నడపండి. ఒప్పందం మారిన రోజున నకలు కూడా ఓడిపోతుంది, దానిని సరిచేయక తప్పదు, దానితో పాటు దాని మీద ఆధారపడిన టెస్టులు కూడా నిజానికి దగ్గరగా ఉంటాయి. ఫలానా మెథడ్ పిలువబడిందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు, ఉదాహరణకు విఫలమైన లావాదేవీలో "రాయి"ని పిలవనే కూడదన్నప్పుడు, మాక్‌ను నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

ఏడో మెట్టు: టెస్టులనే పరీక్షించండి

ఒప్పందం టెస్టులు నిజంగా పొరపాట్లను పట్టుకుంటాయా అన్నది వాటిని ఓడించి చూస్తేనే తెలుస్తుంది. ఇందుకు కావాలని తప్పుగా రాసిన కొన్ని నిల్వలను ఉంచుకోండి: చదివితే తీసివేసేది ఒకటి, లేని కీకి కీఎర్రర్ బదులు నన్ ఇచ్చేది ఒకటి, లెన్‌ను రాసిన ప్రతిసారీ పెంచుతూ పోయి పాత కీని మళ్లీ రాసినప్పుడు కూడా పెంచేది ఒకటి, పేర్లతో వచ్చిన ఆర్గ్యుమెంట్లను వదిలేసేది ఒకటి. ప్రతి దోషపు నిల్వకూ ఒక టెస్ట్‌కేస్ క్లాసును ఫంక్షన్ లోపల నిర్మించండి. ఫంక్షన్ లోపల ఉండటం వల్ల టెస్ట్ రన్నర్ దానిని తనంతట తాను కనుగొనదు. దానిని డిఫాల్ట్ టెస్ట్ లోడర్‌తో ఎక్కించి, ఒక టెస్ట్‌రిజల్ట్ ఆబ్జెక్టులోకి నడిపి, ఆ పరుగు విజయవంతం కాలేదని నిర్ధారించండి. ఏ టెస్టు ఓడిందో కూడా చూడండి; చదివితే తీసివేసే నిల్వను "రెండుసార్లు చదవడం" టెస్టు పట్టుకోవాలి గానీ, మరో టెస్టు యాదృచ్ఛికంగా పట్టుకుంటే ఒప్పందంలోని ఆ వాక్యానికి ఇంకా కాపలా లేనట్టే.

చేత్తో రాసిన ఉదాహరణలకు తట్టని వరుసల కోసం, రాయడం, చదవడం, తీసివేయడం అనే పనులను యాదృచ్ఛిక క్రమంలో కొన్ని వందల సార్లు మీ నిల్వ మీదా, ఒక సాదా డిక్షనరీ మీదా జంటగా నడిపి, ప్రతి అడుగులోనూ రెండిటి జవాబులను, ఎర్రర్లను, లెన్ విలువలను పోల్చండి. కీలు ఆరేడుకు మించకుండా చూసుకోండి; కీలు ఎక్కువైతే ఒకే కీ మళ్లీ మళ్లీ తగలదు, ఆసక్తికరమైన వరుసలు ఏర్పడవు. యాదృచ్ఛిక సంఖ్యల బీజాన్ని వైఫల్య సందేశంలో చూపించండి, లేకపోతే ఒకసారి కనిపించిన పొరపాటు మళ్లీ దొరకదు. హైపోథెసిస్ లైబ్రరీలో ఈ పనికి స్థితి యంత్రాల రూపంలో సిద్ధమైన సదుపాయం ఉంది, ఓడిన వరుసను అది వీలైనంత చిన్నదిగా కుదించి చూపిస్తుంది.

మీ ఇంటర్‌ఫేస్‌కు ఇతరులు ప్లగిన్లు రాసే అవకాశం ఉంటే, "నిల్వ ఒప్పందం" క్లాసును టెస్టుల ఫోల్డరులో దాచి ఉంచకుండా ప్యాకేజీలోనే ఒక మాడ్యూల్‌గా అందించండి. ప్లగిన్ రాసేవారు "కొత్త నిల్వ" మెథడ్ ఒక్కటి రాసుకుని మీ టెస్టులన్నిటినీ తమ క్లాసు మీద నడుపుకోగలుగుతారు. వారి నుంచి మీరు ఊహించని వైఫల్యం ఏదైనా వచ్చినప్పుడు, సవరణ చేసే ముందు ఆ వైఫల్యాన్ని ఒప్పందంలో ఒక వాక్యంగా, దోషపు నిల్వల సమూహంలో ఒక కొత్త నిల్వగా, ఆ తరువాత టెస్టుగా చేర్చండి.